మెట్టలో ఒక దీవి

మారిషస్ దీవిలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. మన ఉదయగిరి దుర్గం 3,079 అడుగులు, అంటే 939 మీటర్లు. హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న ఆ శిఖరాన్ని ఒక్క పూటలో ఎక్కి దిగడానికి ప్రపంచం నలుమూలల నుంచీ విమానాల్లో వస్తారు. దానికన్నా నూట పది మీటర్లు ఎత్తయిన మన కొండకి ఉదయగిరి దాకా బస్సు ఉంది, ఎక్కేవాళ్లే తక్కువ.

మారిషస్‌తో పోల్చడానికి నాకు ఇంకో సాకు కూడా ఉంది. 1834 తర్వాత చెరకు తోటల్లో పనికి ఒప్పందం రాసి ఆ దీవికి వెళ్లిన కూలీల్లో కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లు ఉన్నారు. ఈనాటికీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. వాళ్లు వెళ్లడం మొదలైన కాలంలోనే, 1836 మే మొదటి వారంలో, బీగిల్ ఓడ మీద తిరుగుతూ మారిషస్ రేవులో ఆగిన చార్లెస్ డార్విన్, ఆ రేవు ఊరి వెనకున్న లెపూస్ కొండ ఎక్కాడు. పైనుంచి చూస్తే దీవి నడుమ పెద్ద మిట్టనేల, దాని చుట్టూ విరిగిపోయిన పాత నల్లరాతి కొండలు కనిపించాయని రాసుకున్నాడు. కొండ ఎక్కి ఊరకే చుట్టూ చూసి రావడం ఆయనకు చేతకాదు. ఈ నేల ఇలా ఎందుకుంది అన్న ప్రశ్న వెంట పెట్టుకుని దిగేవాడు. అదే ప్రశ్న పెట్టుకుని మనం దుర్గం ఎక్కుదాం.

వింజమూరు నుంచి నేరుగా పడమటికి గీత గీస్తే ఉదయగిరి ముప్పై కిలోమీటర్లు. మెట్ట పొలాలు, చెరువులు, తుమ్మకంపలు, అక్కడక్కడా తిప్పలు. వాన కడిగిన రోజున, ఇవన్నీ దాటిన తర్వాత నిలువుగా కోసినట్టు ఒక కొండ లేస్తుంది. దాని వెనక వెలిగొండలు వరసగా నీలిగీతలా ఉంటాయి. దుర్గం మాత్రం ఆ వరసకి కొంచెం ముందుకొచ్చి విడిగా నిలబడినట్టు కనిపిస్తుంది. జీవశాస్త్రవేత్తలు దీవి అనేది సరిగ్గా ఇలాంటిదాన్నే. దీవికి సముద్రమే ఉండాలని లేదు. చుట్టూ ఉన్నది అందులోని జీవాలు దాటలేనిదైతే చాలు. 1967లో రాబర్ట్ మకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ దీవుల జీవభూగోళం మీద రాసిన పుస్తకం ఈ చూపుని స్థిరపరిచింది. చల్లదనం, చెమ్మ కావలసిన మొక్కకి నలభై రెండు డిగ్రీల మెట్టనేల ఉప్పు సముద్రంతో సమానం.

ఐతే దీవుల్లో రెండు రకాలున్నాయని 1880లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలేస్ ఒక పుస్తకమంతా వాదించాడు. సముద్రం అడుగునుంచి అగ్నిపర్వతం లేచి, ఖాళీ రాయిగా పుట్టి, తర్వాత గాలీ పక్షులూ అలలూ తెచ్చినవాటితో నిండినది ఒక రకం. పెద్ద నేల నుంచి విడిపోయి మిగిలినది రెండో రకం. మారిషస్ మొదటిది, దాని వయసు కోటి ఏళ్లు కూడా నిండలేదు. దుర్గం రెండోది. ఏ అగ్నిపర్వతమూ దాన్ని పైకి లేపలేదు. చుట్టుపక్కల నేల అరిగిపోతే అది మిగిలింది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే కొండమీద కనిపించే చాలా విషయాలకి దారి దొరుకుతుంది.

వాలేస్ పుస్తకం వచ్చిన ఏడే, 1880లో, భారత భూగర్భ సర్వే ఉద్యోగి విలియం కింగ్ నెల్లూరు సీమ రాళ్ల మీద తన గ్రంథం అచ్చువేశాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే కడప, కర్నూలు శిలల గురించి రాసినవాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఈ ప్రాంతపు పలకరాళ్ల పట్టీని రెండుగా విడదీసి, తూర్పు భాగానికి వింజమూరు పేరు, పడమటి భాగానికి ఉదయగిరి పేరు పెట్టారు. మన బస్సు రూటు మొత్తం భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఉందన్నమాట. వింజమూరు వైపు రాళ్లు ఎక్కువ వేడికి కాగినవి. నల్లగా, ముదురు ఆకుపచ్చగా మెరిసే గట్టి రాళ్లు. ఉదయగిరి వైపువి తక్కువ వేడి చూసినవి. పలకలుగా ఊడివచ్చే అభ్రకపు రాళ్లు. అలా కాగాలంటే వింజమూరు రాయి ఒకప్పుడు భూమిలో పది కిలోమీటర్లకు పైబడిన లోతున ఉండి ఉండాలి. ఇవాళ దాని మీద మినుములు పండుతున్నాయంటే, పైనున్న కిలోమీటర్ల మందం ఏమైంది? వానా గాలీ వందల కోట్ల ఏళ్ల లెక్కలో కోసుకుపోయాయి. మెట్టనేల చదునుగా ఉందంటే అక్కడ ఏమీ జరగలేదని కాదు, జరగవలసినదంతా జరిగిపోయిందని.

ఆ కోతకు లొంగక దుర్గంగా మిగిలింది స్ఫటికశిల. ఒకప్పటి ఇసుక మేటలు పూడి, నొక్కుకుని, రేణువుకి రేణువు అతుక్కుని అయిన రాయి. స్ఫటికాన్ని వాననీరు కరిగించలేదు. అందుకే అది మట్టిగా మారదు, పగిలి బండలుగా పడుతుంది, విరిగినచోట గోడలా నిలువు కొస మిగులుస్తుంది. పాత గెజిటీరు ఈ కొండకి పడమటివైపు వెయ్యడుగుల దాకా నిట్టనిలువు గోడలున్నాయని చెబుతుంది.

కొండ కింద అంగట్లో ఎవర్ని అడిగినా ఒకటే మాట: ఎండ పడకముందే సగం ఎక్కేయాల నాయనా. దీని వెనక లెక్క చూద్దాం. ఊరికీ శిఖరానికీ తేడా ఏడువందల మీటర్లు అనుకుందాం. అరవై కిలోల మనిషి తన బరువుని అంత ఎత్తుకి మోయడానికి కావలసిన శక్తి వంద కిలోకేలరీల లోపే. దాదాపు రెండు ఇడ్లీలు. కానీ కండరం తిన్నదాంట్లో నాలుగో వంతు, ఐదో వంతు మాత్రమే పనిగా మార్చగలదు. కాబట్టి ఖర్చు నాలుగువందలు దాటుతుంది. మిగిలిన మూడువందల పైచిలుకూ ఒట్టి వేడి. ఆ వేడి ఒంట్లో ఉండిపోతే జ్వరమే. లీటరు చెమట ఆరితే దాదాపు 580 కిలోకేలరీలు తీసుకుపోతుంది. అంటే కొండ ఎక్కిన పుణ్యానికే అర లీటరుకు పైగా చెమట ఆరాలి. కారిపోయిన చెమట లెక్కలోకి రాదు, ఆరినదే లెక్క. ఎండ నెత్తిన కొడితే, బండ కింద నుంచి కాలిస్తే, ఈ లెక్క రెండింతలూ మూడింతలూ అవుతుంది. పెద్దవాళ్లు సూర్యుడికన్నా ముందు బయల్దేరమన్నది ఆ రెండింతల్ని తప్పించుకోవడానికే.

దారి ఇరుకవుతుంది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క కోట గోడ. ఇక్కడ నిలబడి 1513వ సంవత్సరం గుర్తు చేసుకోవాలి. ఆ ఏడు కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని ముట్టడించాడు. పట్టుకోవడానికి పద్దెనిమిది నెలలు పట్టింది. 1514 జూన్‌లో గానీ లొంగలేదు. విజయనగరంలో గుర్రాల వ్యాపారం చేసిన పోర్చుగీసు నూనిజ్, ఆ సంగతి రెండు దశాబ్దాల తర్వాత రాశాడు. ఒకరి వెనక ఒకరు తప్ప నడవలేనంత ఇరుకు దారి, దాన్ని వెడల్పు చేయడానికి రాయలు బండలు పగలగొట్టించాడు, లోపల పదివేల కాలిబంట్లు, నాలుగువందల గుర్రాలు. తిండి అందకుండా చేసి తప్ప ఆ కోటను పట్టలేరని కూడా రాశాడు. ఇక్కడినుంచి రాయలు తీసుకుపోయిన బాలకృష్ణ విగ్రహానికి హంపీలో గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

చరిత్రకారులు యుద్ధం చూస్తారు. నాకు నీళ్లు కనిపిస్తాయి. తిండి ఆపితే గానీ లొంగరని నూనిజ్ రాశాడు, నీళ్లు ఆపితే అనలేదు. మెట్టలో, చుట్టుపక్కల చెరువులు వేసవికి నెర్రెలిచ్చే చోట, కొండ కొమ్ము మీద పదివేల మంది రెండు వేసవులు నీళ్లకి ఇబ్బంది లేకుండా ఎలా ఉన్నారు?

లెక్క వేద్దాం. మనిషికి రోజుకి మూడు లీటర్లు తాగేందుకు, వంటకి. పదివేల మందికి ముప్పై వేల లీటర్లు. గుర్రానికి నలభై లీటర్లు చొప్పున నాలుగువందల గుర్రాలకి పదహారు వేలు. మొత్తం రోజుకి 46 వేల లీటర్లు. పద్దెనిమిది నెలలంటే 540 రోజులు. గుణిస్తే రెండున్నర కోట్ల లీటర్లు. ఎక్కువే అనిపిస్తుంది. ఇప్పుడు రెండో వైపు. కొండమీద పాతిక ఎకరాల బండ నేల, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అనుకోండి. పాతిక ఎకరాలు లక్ష చదరపు మీటర్లు. దానిమీద పడే నీరు ఏడు కోట్ల లీటర్లు. అందులో సగం ఎగిరిపోయినా, పొర్లిపోయినా, ఒక్క ఏటి వానే ముట్టడి మొత్తానికి సరిపోయి మిగులుతుంది. నూనిజ్ చెప్పిన సంఖ్యలు ఎక్కువ చేసి చెప్పినవే కావచ్చు. అప్పుడు మన వాదన ఇంకా బలపడుతుంది తప్ప తగ్గదు.

పడితే చాలదు, నిలవాలి. ఇక్కడే రాయి పనికొస్తుంది. స్ఫటికశిల ముక్కలో నీరు దిగదు, కానీ పొరల మధ్యా పగుళ్ల మధ్యా దిగుతుంది. లోపలికి జారి, అడ్డంగా మెత్తని పలకరాతి పొర తగిలినచోట ఆగి, పక్కకి తిరిగి, కొండ పక్కనుంచి ఊటగా వస్తుంది. వాన వెలిసిన వారాల తర్వాత కూడా ఎత్తయిన బండ మొదట్లో చెమ్మ కనిపించేది ఇందుకే. బండ పైన పల్లంలో నీరు నిలిస్తే దాన్ని దొన అంటాం. దొనలకు చిన్న కట్టలు కడితే అవే కోనేర్లవుతాయి. కోట కట్టినవాళ్లు రాయిని జయించారని గైడు పుస్తకాలు రాస్తాయి. నా లెక్కలో వాళ్లు రాయి చెప్పిన మాట విన్నారు.

ఇదే నీటి కథకి కొండ కింద వేరే ముగింపు ఉంది. 1930ల మొదట్లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఎద్దులు కీళ్లు పట్టేసి అడుగు వేయలేకపోవడం రైతులు గమనించారు. తర్వాత మనుషుల్లోనూ అదే కనిపించింది. వెన్ను వంగదు, మెడ తిరగదు, పళ్ల మీద గోధుమరంగు చారలు. 1937లో షార్ట్, ఆయన సహచరులు దాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు. మన దేశంలో తాగునీటి ఫ్లోరైడు జబ్బును గుర్తించింది మొదట ఈ జిల్లాలోనే. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లిన కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు కిందవే. ఉదయగిరి చుట్టుపక్కల గ్రామాలకూ ఈ బాధ కొత్త కాదు.

ఎందుకొస్తుంది? మెట్టలో బావి నీరు రాతి పొడిలో ఏళ్ల తరబడి నానుతుంది. అభ్రకం, ఎపటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. ఎండ ఎక్కువ, వాన తక్కువ కాబట్టి నీరు క్షారంగా మారి, అందులోని కాల్షియం సున్నపు గుల్లలుగా నేలలోనే పేరుకుపోతుంది. పొలం దున్నితే బయటపడే తెల్ల గుల్లలు అవే. ఫ్లోరైడుని పట్టి కింద కూర్చోబెట్టవలసింది ఆ కాల్షియమే. అది లేక, ఫ్లోరైడు నీళ్లలోనే కరిగి ఉండి మన గ్లాసులోకి వస్తుంది. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని మన దేశపు ప్రమాణం. వేరే దారి లేనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. కొండమీద పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. స్ఫటికశిలలో కరగడానికి ఏమీ లేదు, నీరు అందులో ఎక్కువ కాలం ఉండదు కూడా. కింద బావి తవ్వితే వచ్చేది వందల అడుగుల లోతున ఏళ్లు నానిన నీరు; పైన దొనలో ఉన్నది మొన్నటి వాన. రెండింటికీ మధ్య దూరం ఒక పూట నడక.

ఐనా దొననీళ్లు నేరుగా తాగమని ఎవరికీ చెప్పను. కోతులూ పశువులూ దిగే నీళ్లవి, సూక్ష్మజీవులకి ఫ్లోరైడుతో పని లేదు. మన ఊళ్లలో బురద నీటి కుండలో చిల్లగింజ అరగదీసేవాళ్లు. ఆ గింజలోని పదార్థం బురద రేణువుల్ని ఒకదానికొకటి అతికి బరువెక్కించి అడుక్కి దింపుతుంది. నీరు తేటపడుతుంది. తేటపడ్డ నీరు శుభ్రమైన నీరనుకోవడమే ఇబ్బంది. మరిగించాలి. శిఖరం దగ్గర మరిగిస్తే వంద డిగ్రీలు రాదు, తొంభై ఏడు దగ్గరే తెర్లుతుంది, ఎందుకంటే అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరం కన్నా పదో వంతు తక్కువ. క్రిములు చావడానికి తొంభై ఏడు చాలు. గజపతి బంట్ల అన్నం మాత్రం కాస్త ఆలస్యంగా ఉడికి ఉంటుంది.

పైకి వచ్చేసరికి గాలి మారుతుంది. ఎత్తు వంద మీటర్లు పెరిగితే వేడి సగటున 0.65 డిగ్రీలు తగ్గుతుంది. పొడి ఎండ మధ్యాహ్నం ఒక డిగ్రీ దాకా. మన ఏడువందల మీటర్లకి నాలుగున్నర నుంచి ఏడు డిగ్రీలు. సంజీవకొండ అని కూడా పిలిచే ఈ కొండ గాలికి మందు గుణం ఉందనే నమ్మకంలో ఈ డిగ్రీల వాటా ఎంతో నాకు తెలుసుకోవాలని ఉంటుంది.

కార్తీకంలో వస్తే ఇంకో సంగతి చూస్తారు. మబ్బు కొండ నెత్తిన కూర్చుని కదలదు. గాలి పైకి లేచేకొద్దీ చల్లబడి, ఒక ఎత్తులో దాని ఆవిరి నీటి చుక్కలవుతుంది. ఆ ఎత్తు తెలుసుకోవడానికి మోటు లెక్క ఒకటుంది. గాలి వేడికీ, మంచు పట్టే వేడికీ ఉన్న తేడాలో ఒక్కో డిగ్రీకి 125 మీటర్లు. నవంబరులో బంగాళాఖాతం నుంచి వచ్చే గాలి 28 డిగ్రీలుండి, 23 దగ్గర మంచు పట్టేదైతే, తేడా ఐదు. మబ్బు అడుగు నేలకి 625 మీటర్ల పైన. సరిగ్గా దుర్గం భుజాల దగ్గర. మే నెలలో 42 డిగ్రీలు, 20 డిగ్రీలు అయితే మబ్బు రెండువేల ఏడువందల మీటర్లు దాటి ఉంటుంది, కొండకి అందదు. ఈశాన్య రుతుపవనం నెల్లూరుకి ప్రాణం. తీరం నుంచి లోపలికొచ్చేకొద్దీ ఆ వాన పలచబడుతుంది. దుర్గం తూర్పు ముఖం మాత్రం ఎదురొచ్చిన గాలిని పైకి ఎక్కించి, కింద పొలాలకి దొరకని చెమ్మను తన బండల మీద దింపుకుంటుంది.

శిఖరం దగ్గర కోట శిథిలాలు, గుళ్లు, గోల్కొండ కాలపు మసీదు. తూర్పుకి తిరిగి చూడండి. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లలో ఉందో వస్తుంది. 939కి వర్గమూలం ముప్పై చిల్లర. దిగంతం నూట తొమ్మిది కిలోమీటర్లు. కావలి తీరం ఎనభై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కాబట్టి సముద్రం కనిపించాలి. లెక్క ప్రకారం ఆటంకం లేదు, అడ్డొచ్చేది మధ్యలో ఉన్న దుమ్మూ తేమా. వాయుగుండం దాటిన మర్నాడు తెల్లవారుజామున ఎక్కినవాళ్లకి అవకాశం ఎక్కువ.

దిగేటప్పుడు మోకాళ్లు నొస్తాయి కాబట్టి నెమ్మదిగా దిగుతాం, నెమ్మదిగా దిగితే రాయి పక్కన చూస్తాం. సంజీవకొండ కదా, ఆ బండల పక్కన సంజీవని గుర్తొస్తుంది. రామాయణంలోని సంజీవని ఏ మొక్కో వెతికిన ముగ్గురు శాస్త్రవేత్తలు 2009లో తమ వాదన ప్రకటించారు. పోటీలో ముందున్న మొక్కల్లో ఒకటి సెలాజినెల్లా బ్రయాప్టెరిస్. ఎండకి ముడుచుకుని, ఎండుగడ్డి ఉండలా పడి ఉంటుంది. వాన పడితే గంటల్లో విప్పుకుని పచ్చబడుతుంది. నీరు పోయేటప్పుడు కణాల్లో చక్కెరలు పేరుకుని, పొరలు చిరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. బండమీద బతకాలంటే ఇలాంటి ఉపాయమో, లేకపోతే విపరీతమైన నిదానమో ఉండాలి. నిదానానికి సాక్ష్యం ఉదయగిరి అంగళ్లలోనే దొరుకుతుంది. ఊరి పనివాళ్లు చెక్కే చెంచాలు, గరిటెలు నర్ది, బిక్కి, దేవదారి లాంటి దుర్గం కర్రతో చేసినవి. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మట్టి పలచన, నీరు అరుదు కావడంతో చెట్టు ఏళ్లకి ఏళ్లు పట్టి నిదానంగా లావవుతుంది. ఆ కర్ర గట్టిదనంలో ఈ నిదానానికీ వాటా ఉండవచ్చు.

వాలేస్ తేడా ఇక్కడ పనికొస్తుంది. మారిషస్ లాంటి దీవికి జీవాలు వస్తూనే ఉంటాయి, ఎంత తక్కువగా ఐనా. మిగిలిపోయిన దీవికి అలా కాదు. 1971లో జేమ్స్ బ్రౌన్ అమెరికా పశ్చిమాన ఎడారి మధ్య ఉన్న పర్వత శిఖరాల మీద చిన్న జంతువుల్ని లెక్కపెట్టాడు. మంచుయుగంలో కింది లోయలు చల్లగా ఉన్నప్పుడు అవన్నీ ఒకే అడవి. వేడెక్కాక జంతువులు శిఖరాల మీద చిక్కుకున్నాయి. అప్పటినుంచీ ఒక్కో శిఖరం మీద ఒక్కో జాతి పోతూ వచ్చింది. కొత్తది దాటి రాలేదని ఆయన వాదన. ఎడారి వాటిని దాటనివ్వలేదట. చిన్న శిఖరాలు ఎక్కువ పోగొట్టుకున్నాయట.

తూర్పు కనుమలు మొదటినుంచీ తెగిపోయిన దండ. గోదావరి, కృష్ణ, పెన్న వాటిని ముక్కలుగా కోశాయి. ఈ ముక్కల మీద ఒక బల్లి ఉంది. బెడ్డోమ్ 1870లో తిరుపతి కొండల నుంచి వర్ణించిన బంగారు బల్లి. జతకట్టే కాలంలో మగది పసుపచ్చగా మెరుస్తుంది. చాలాకాలం ఎవరికీ కనబడక, 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ దొరికింది. దాని ప్రజాతిలో ప్రపంచం మొత్తానికి ఉన్నవి రెండే జాతులు. రెండోది శ్రీలంకలో. సముద్రం అడ్డంగా ఉన్న రెండు చోట్ల ఒకే ప్రజాతి మిగిలిందంటే, నేల కలిసి ఉన్న కాలపు సంగతి ఆ బల్లి ఒంట్లో ఉందన్నమాట. నిలువు బండలు, చీకటి చీలికలు, దగ్గర్లో చెమ్మ, ఇవే దానికి కావలసినవి. ఆడబల్లులు ఒకే చోట గుంపుగా బండకి గుడ్లు అతికిస్తాయి. పిల్లలు పోయాక కూడా పెంకుల తెల్ల గుండ్రాలు రాయిమీద ఏళ్ల తరబడి ఉంటాయి. దుర్గం గోడల కింద వంగి నడిచేచోట టార్చి వేసి పైకప్పు చూడండి. బల్లి పగలు పెద్దగా బయటకు రాదు. తెల్ల గుండ్రాలు కనిపిస్తే ముట్టుకోకుండా ఫోటో తీసి, తేదీ, ఎత్తు, చోటు రాసుకుని దిగండి.